గుల్ల నోరు తెరిస్తే ఉడికినట్టు కాదు

పోటు తీసి నీళ్లు వెనక్కి మళ్లగానే గంజాం తీరంలోని నదీ మొగల్లో బురద మేటలు బయటపడతాయి. సోనాపూర్ దగ్గర బాహుదా కలిసే చోటైనా, ఋషికుల్య కలిసే చోటైనా పని ఒకటే. చీర మోకాళ్లపైకి దోపుకొని, కాలి వేళ్లతో బురదను తడుముతూ, గట్టిగా తగిలిన చోట వంగి చేత్తో తీయడం. బుట్ట నిండితే ఇంటిదారి. రాత్రంతా ఉప్పునీళ్లలో ఉంచితే గుల్లలు ఇసుక కక్కుతాయి. తెల్లవారాక పెద్ద గిన్నెలో అడుగున కొంచెం నీళ్లు పోసి, గుల్లలు వేసి మూత పెడితే కాసేపటికి లోపల టకటకమని చప్పుడు మొదలవుతుంది. మూత తీసి చూసిన మనిషి "వదినా, నోళ్లు తెరిచాయి, దించెయ్యి" అంటుంది.

ఆ మాట దగ్గరే ఆగి ఆలోచించాలి. రెండు చిప్పలను బిగించి పట్టుకునేది లోపలి కండరం. వేడి తగలగానే అది పట్టు వదిలేస్తుంది, చిప్పలు విచ్చుకుంటాయి. ఆ సమయానికి లోపలి మాంసం నడిమధ్య వేడి ఇంకా చాలా తక్కువగానే ఉంటుంది. మురుగునీటి నుంచి గుల్లలోకి చేరి మనిషికి జబ్బు చేసే వైరస్ చావాలంటే ఆ నడిమధ్య భాగం 85 నుంచి 90 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, కనీసం 90 సెకన్లు అక్కడే నిలవాలి. ఆహారంలో వైరస్‌ల నియంత్రణపై అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పే లెక్క ఇది. నోరు తెరవడం, ఉడకడం అనే రెండింటి మధ్య ఉన్న ఆ కొద్ది నిమిషాల్లోనే ప్రమాదం ఉంది.

గంజాం తీరంలోని మత్స్యకార పల్లెల్లో ఎక్కువ భాగం తెలుగువాళ్లవే. ఒడియా ఇరుగుపొరుగు వీళ్లను నోలియాలు అంటారు. గోపాల్‌పూర్, ఆర్యపల్లి, సోనాపూర్ వైపు వాడల్లో ఇంటి మాట తెలుగే. వేట లేని రోజున చేపకు బదులు గిన్నెలోకి వచ్చేది గుల్లే. డబ్బు పెట్టకుండా దొరికే మాంసకృత్తులు అవి. కాబట్టి "గుల్లలు తినకండి" అని చెప్పడం సలహా కాదు, పేదవాడి పళ్లెంలోంచి ముద్ద తీసేయడం. గుల్లను ఎలా సురక్షితంగా ఉంచాలన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

రొయ్యకూ పీతకూ లేని ఈ చిక్కు గుల్లకే ఎందుకంటే, అది వేటాడదు, మేయదు. ఉన్నచోటే ఉండి నీటిని లోపలికి పీల్చి, మొప్పలతో వడకట్టి, దొరికినదాన్ని తిని, మిగతా నీటిని బయటకు వదులుతుంది. పెద్ద ఆల్చిప్ప ఒకటి గంటకు కొన్ని లీటర్ల నీటిని ఇలా వడపోయగలదు. రోజంతా జరిగే ఈ పనిలో నీటిలో పలుచగా తేలుతున్న వైరస్ కణాలు గుల్ల జీర్ణ గ్రంథిలో చిక్కబడతాయి. చుట్టూ ఉన్న నీటికంటే గుల్ల లోపల వైరస్ ఎన్నో రెట్లు ఎక్కువగా పోగుపడగలదు. పైగా చేపను కోసినప్పుడు కడుపు చీల్చి పేగు తీసి పారేస్తారు. గుల్లను మాత్రం పేగుతో సహా తింటారు. కొరాపుట్, రాయగడ వైపు పొలాల్లో, చెరువుల్లో ఏరుకునే నత్తల సంగతి కొంత వేరు. నత్త గీకి తినే జీవి, ఇలా రోజంతా నీటిని వడకట్టదు. అయినా మురుగు కలిసిన చెరువులోని నత్తను బాగా ఉడికించే తినాలి.

ఇలా పోగుపడేవాటిలో ముఖ్యమైనవి నోరో వైరస్, హెపటైటిస్ ఎ వైరస్. రెండూ మనిషి పేగుల్లోంచి మలంతో బయటకు వచ్చేవే. గుల్లకు వాటివల్ల జబ్బు రాదు, గుల్లలో అవి పెరగవు కూడా. గుల్ల వాటికి సంచి మాత్రమే. అందుకే వైరస్ పట్టిన గుల్లకు వాసన మారదు, రంగు మారదు, రుచి మారదు. ముక్కుతో చూసి తాజాదనాన్ని పసిగట్టే అనుభవజ్ఞురాలు కూడా దీన్ని పట్టుకోలేదు.

నోరో వైరస్ పరిమాణం మిల్లీమీటరులో సుమారు ముప్పై వేలవ వంతు. 1968లో అమెరికాలోని నార్వాక్ పట్టణంలో ఒక బడిలో పిల్లలు, ఉపాధ్యాయులు వాంతులతో మంచం పట్టారు. అప్పుడు సేకరించిన నమూనాల్లో 1972లో దీన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద గుర్తించారు. ఆ ఊరి పేరులోంచే ఈ పేరు వచ్చింది. పదులలో లెక్కపెట్టగలిగినన్ని కణాలు కడుపులోకి వెళ్లినా చాలు, జబ్బు చేయగలదు. తిన్న 12 నుంచి 48 గంటల్లో వాంతులు, విరేచనాలు మొదలై ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గిపోతాయి. ఆరోగ్యవంతుడికి అంతటితో సరి. చంటిబిడ్డకూ ముసలివాళ్లకూ ఒంట్లో నీరు ఇంకిపోవడమే ప్రాణం మీదికి వస్తుంది. పైకి తగ్గినట్టు కనిపించినా ఆ మనిషి మలంలో వైరస్ రెండు వారాలు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ కాలం పోతూనే ఉంటుంది.

హెపటైటిస్ ఎ తీరు వేరు. అది పచ్చకామెర్లుగా బయటపడేసరికి 15 నుంచి 50 రోజులు పడుతుంది. సగటున 28 రోజులు. నెల కిందట తిన్న గుల్లల కూర ఎవరికి గుర్తుంటుంది? కామెర్లు రాగానే పసరు మందు ఎక్కడ దొరుకుతుందన్న వెదుకులాట తప్ప, నీటి వైపు, మొగ వైపు ఎవరి చూపూ పోదు. ఈ జబ్బుకు ప్రత్యేకమైన మందు లేదు. విశ్రాంతి, తిండి, వైద్యుడి పర్యవేక్షణతో కాలేయం తనంతట తానే కోలుకోవాలి. కారణానికీ జబ్బుకూ మధ్య ఇంత దూరం ఉండటం వల్లే గుల్లల ద్వారా వచ్చే కామెర్లు లెక్కలకు ఎక్కడం కష్టం. కంటికి కనిపించనంత మాత్రాన లేనట్టు కాదు.

ఈ ముప్పు ఎంత దూరం పోగలదో 1988లో చైనాలోని షాంఘై చూసింది. ఆ ఏడాది మొదటి నెలల్లో ఆ నగరంలో సుమారు 3 లక్షల మందికి హెపటైటిస్ ఎ సోకింది. మూలం మురుగు కలిసిన నీటిలో పెరిగిన ఒక రకం గుల్లలు. అక్కడివాళ్లు వాటిని పచ్చిగా తినలేదు కూడా. మరిగే నీళ్లలో కాసేపు ముంచి, చిప్పలు విచ్చుకోగానే తీసి తిన్నారు. "నోళ్లు తెరిచాయి, దించెయ్యి" అన్న మాటకు అక్కడ పడిన మూల్యం అది.

దీనికి మన దగ్గర ఇంకొక ముడి ఉంది. ఒకప్పుడు పల్లెల్లో దాదాపు ప్రతి బిడ్డకూ చిన్న వయసులోనే హెపటైటిస్ ఎ సోకేది. ఆరేళ్లలోపు పిల్లల్లో చాలామందికి అది పైకి తెలియకుండానే పోతుంది, జీవితాంతం రక్షణ మిగిలిపోతుంది. నీరు, మరుగుదొడ్లు కొంత మెరుగయ్యాక పిల్లలకు ఆ తొలి సోకు తప్పుతోంది. మంచిదే. కానీ రక్షణ లేకుండా పెద్దవాళ్లయినవారికి ఇరవై ఏళ్లకో ముప్పై ఏళ్లకో సోకితే జబ్బు బలంగా వస్తుంది, అరుదుగా కాలేయం పూర్తిగా దెబ్బతింటుంది. తాతకు ఏమీ కాని కూరే మనవడిని ఆసుపత్రి పాలు చేయడంలో వింత లేదు. "మా పెద్దలు తిన్నారు, ఏమైంది?" అన్న వాదనకు జవాబు ఇక్కడే ఉంది. హెపటైటిస్ ఎ టీకా దేశంలో దొరుకుతుంది కానీ జాతీయ ఉచిత టీకాల కార్యక్రమంలో లేదు. పిల్లల విరేచనాలకు కారణమయ్యే రోటా వైరస్ టీకాను 2016లో దేశంలో మొదట ప్రారంభించిన నాలుగు రాష్ట్రాల్లో ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. సరిహద్దుకు ఇరువైపులా ముందడుగు వేయగలమని అప్పుడే రుజువైంది. మురుగునీటితో పాకే మరో వైరస్ హెపటైటిస్ ఇ. నెలలు నిండుతున్న గర్భిణులకు అది ప్రాణాంతకం కాగలదు. మొగ నీళ్లలో రోజూ దిగేవాళ్లలో గర్భిణులు కూడా ఉంటారని మరవకూడదు.

ఇక పరీక్షల సంగతి. గుల్లలు శుభ్రమైనవా కావా అని తేల్చడానికి చాలా దేశాలు వాడే కొలబద్ద, పేగుల్లో ఉండి మలంతో బయటకు వచ్చే ఈ.కోలి బాక్టీరియా. ఐరోపా నిబంధనల్లో 100 గ్రాముల గుల్ల మాంసంలో ఈ.కోలి 230కి మించకపోతే ఆ నీటి ప్రాంతం మొదటి తరగతి. అక్కడి గుల్లలను నేరుగా తినడానికి అమ్మవచ్చు. 4,600 వరకు ఉంటే రెండో తరగతి, శుద్ధి చేశాకే అమ్మాలి. 46,000 వరకు ఉంటే మూడో తరగతి, కనీసం రెండు నెలలు శుభ్రమైన సముద్రపు నీటి ప్రాంతానికి తరలించి ఉంచాలి, లేదా బాగా వేడిచేసి శుద్ధి చేయాలి. ఈ పద్ధతి టైఫాయిడ్ లాంటి బాక్టీరియా జబ్బులను బాగా అదుపు చేసింది. అమెరికాలో 1924-25లో ఆల్చిప్పల వల్ల టైఫాయిడ్ చెలరేగాకే అక్కడి గుల్లల పారిశుద్ధ్య కార్యక్రమం 1925లో పుట్టింది.

వైరస్ దగ్గరికి వచ్చేసరికి ఈ కొలబద్ద పొట్టిదైపోతుంది. శుద్ధి కేంద్రాల్లో గుల్లలను అతినీలలోహిత కాంతితో శుభ్రపరిచిన సముద్రపు నీటి తొట్లలో ఉంచుతారు. బ్రిటన్‌లో కనీసం 42 గంటలు అన్నది వాడుక. గుల్ల తనంతట తానే శుభ్రమైన నీటిని పీల్చి, లోపలి బాక్టీరియాను కడిగేసుకుంటుంది. ఈ.కోలి చాలావరకు బయటకు పోతుంది. నోరో వైరస్ పోదు. కారణం ఏమిటంటే, ఆల్చిప్ప జీర్ణ కణాల మీద మనిషి రక్త గ్రూపు పదార్థాలను పోలిన చక్కెర అణువులు ఉంటాయి. నోరో వైరస్ మనిషి పేగులో అతుక్కునేది అలాంటి అణువులకే. అంటే అది గుల్లలో ఊరికే తేలుతూ ఉండదు, కొక్కెం వేసుకొని కూర్చుంటుంది. వారాల తరబడి అలాగే ఉండగలదు. అందుకే ఈ.కోలి పరీక్షలో నెగ్గిన గుల్లలు తిని కూడా జనం జబ్బుపడిన ఉదంతాలు ఉన్నాయి. 2009లో ఇంగ్లండ్‌లో పేరుమోసిన ఒక రెస్టారెంటులో ఆల్చిప్పల మూలంగా ఐదు వందల మందికి పైగా నోరో వైరస్ బారిన పడ్డారు.

మన ఇళ్లలో రాత్రంతా నానబెట్టడం కూడా ఈ తొట్టి పద్ధతికి చిన్న రూపమే. ఇసుక పోతుంది, పళ్ల కింద కరకర తప్పుతుంది, అంతవరకే. అది వైరస్‌ను కడిగేస్తుందనుకోవడం పొరపాటు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. గుల్ల బతికే ఉంటుంది కాబట్టి ఎక్కడ పెడితే అక్కడి నీటిని పీలుస్తుంది. శుభ్రమైన మేట మీద తీసినదాన్ని తెచ్చి వాడ పక్కనున్న కాలువలో బుట్టతో ముంచి ఉంచితే, ఆ ఒక్క రాత్రిలో కాలువలోని మురుగంతా లోపలికి పీల్చుకుంటుంది. సంతలో తాజాగా కనిపించడానికి ఏ తొట్టిలోనో నానబెట్టినా ఇదే కథ. ఈ చిన్న అలవాటును మార్చడానికి రూపాయి ఖర్చు లేదు. తడి గోనెపట్టా కప్పి నీడన ఉంచితే గుల్ల చావదు.

వైరస్‌ను నేరుగా వెదికే పరీక్ష కూడా ఉంది. గుల్ల జీర్ణ గ్రంథిని వేరుచేసి, అందులోంచి వైరస్ జన్యు పదార్థాన్ని తీసి, కోవిడ్ కాలంలో అందరికీ పరిచయమైన పీసీఆర్ పద్ధతితో లెక్కిస్తారు. దానికి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 15216. అయితే ఆ పరీక్ష బతికిన వైరస్‌కూ చచ్చిన వైరస్‌కూ తేడా చెప్పలేదు. ఖర్చు, ప్రయోగశాల అవసరం కూడా ఎక్కువే. ఎగుమతి సరుకుకు ఇది నప్పుతుంది. సంతలో కుప్ప పోసి డబ్బాతో కొలిచి అమ్మే గుల్ల ఏ నీటిదో చెప్పే చీటీ ఉండదు. దానికి పీసీఆర్ పెడతామని చెప్పడం కాగితం మీది మాట. అంతకంటే నీటిని కాపాడటం తేలిక, చవక, నమ్మకం.

నీటిని కాపాడటం అంటే మనిషి మలం మొగకు చేరకుండా చూడటమే. బాహుదా గజపతి జిల్లా కొండల్లో పుట్టి, ఆంధ్రప్రదేశ్‌లోని ఇచ్ఛాపురం పక్కగా పారి, మళ్లీ గంజాం జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. ఎగువన ఏ రాష్ట్రం వదిలిన మురుగైనా దిగువన చేరేది గుల్లలోకే. గుల్లలు ఏరే చోటును కాపాడాలంటే రెండు రాష్ట్రాల అధికారులూ ఒకే నది పటం ముందు కూర్చోవాలి.

తీరపు పల్లెల్లో ఇప్పుడు మరుగుదొడ్లు వచ్చాయి. బీచి మీద మలవిసర్జన తగ్గడం పెద్ద మార్పు. కానీ ఇసుక నేలలో, చేతికి అందేంత లోతులోనే నీరు ఉన్నచోట, తవ్విన గుంత మలాన్ని దాస్తుందే తప్ప వైరస్‌ను ఆపదు. బంకమట్టి వైరస్‌ను పట్టి ఉంచుతుంది. ఇసుక జారవిడుస్తుంది. వానాకాలంలో భూగర్భ జలం పైకి లేచి గుంత అడుగును తాకినప్పుడు ఆ నీరు మెల్లగా బావిలోకీ, కాలువలోకీ, మొగలోకీ నడుస్తుంది. ఇలాంటి చోట నేలమట్టానికి పైకి ఎత్తి కట్టిన, అడుగు మూసిన తొట్టి ఉండాలి. నిండినప్పుడు ట్యాంకరు వచ్చి తీసుకుపోవాలి. ఆ ట్యాంకరు ఎక్కడ ఖాళీ చేస్తుందన్నది అసలు ప్రశ్న. బరంపురం సహా ఒడిశా పట్టణాల్లో సెప్టిక్ ట్యాంకుల వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రాలు నడుస్తున్నాయి. ట్యాంకరు అక్కడిదాకా వెళ్లే దూరాన్ని, డీజిల్ ఖర్చును పంచాయతీ భరించకపోతే, చీకటి పడ్డాక దగ్గరున్న వాగే దిక్కవుతుంది.

గుల్లల మేటను పాడుచేయడానికి ఒక్క మనిషి మలం చాలు అన్నది అతిశయోక్తి కాదు. 1993లో అమెరికాలోని లూసియానా తీరంలో ఆల్చిప్పలు తిని పలు రాష్ట్రాల్లో జనం జబ్బుపడ్డారు. ఆరా తీస్తే, ఆల్చిప్పలు తీసే పడవల సిబ్బంది మలాన్ని నేరుగా ఆ నీళ్లలోకే వదులుతున్నట్టు తేలింది. వారిలో ఒకరికి అంతకుముందే వాంతులు, విరేచనాలు అయ్యాయి. మొగలో గంటల తరబడి పనిచేసే మహిళకు దగ్గరలో మరుగుదొడ్డి లేకపోతే ఆమె ఎక్కడికి పోతుంది? గుల్లల మేటకు నడిచిపోగల దూరంలో గట్టు మీద ఒక మరుగుదొడ్డి, ఒక నీళ్ల కుళాయి, ఒక సబ్బు ఉండటం ఆమె మర్యాదకే కాదు, ఆ గుల్లలు తినే అందరి ఆరోగ్యానికీ అవసరం.

ఇక చేతుల విషయం. ఉడికిన గుల్లల్లోంచి మాంసం వేరు చేసే పని వేళ్లతోనే జరుగుతుంది. అందులో ఒకరికి విరేచనాలు అవుతుంటే, ఉడికించి చంపిన వైరస్ స్థానంలో కొత్తది వచ్చి చేరుతుంది. ఆల్కహాల్ కలిసిన శానిటైజర్లకు నోరో వైరస్ అంతగా లొంగదు. సబ్బుతో రుద్ది, పారే నీళ్లలో కడగడమే మేలు. వాంతి పడిన చోట లీటరు నీటికి ఒక గ్రాము క్లోరిన్ ఉండేలా బ్లీచింగ్ ద్రావణం పోయాలి. 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరైతే లీటరుకు మూడు గ్రాములకు కాస్త పైన. జబ్బు తగ్గాక కూడా కనీసం 48 గంటలు ఆ మనిషి తిండి పదార్థాలు ముట్టకూడదన్నది అందరూ ఒప్పుకున్న నియమం. రోజు కూలీ మీద బతికే మనిషికి ఆ రెండు రోజుల కూలి ఎవరిస్తారన్నది తేలకపోతే ఆ నియమం గోడకు అంటించిన కాగితమే. కొనుగోలుదారు ఆ రెండు రోజుల కూలి ఇవ్వడం దానం కాదు. తన సరుకును కాపాడుకోవడానికి పెట్టే ఖర్చు.

వంటింట్లో పాత పద్ధతే నిజానికి గట్టిది. ముందు ఉడికించి, మాంసం తీసి, కడిగి, ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, కారంతో మళ్లీ పావుగంట మగ్గపెట్టే ఇగురులో వైరస్ బతకదు. తరతరాలను కాపాడింది ఆ రెండో ఉడుకే. ప్రమాదం వచ్చేది ఆ రెండో ఉడుకు మానేసిన చోట. పర్యాటకుల కోసం చిప్పలు విచ్చుకోగానే నిమ్మరసం పిండి పళ్లెంలో పెట్టే కొత్త వంటల్లో అదే జరుగుతుంది. నిమ్మరసం, వెనిగర్, మిరియాలు వైరస్‌ను ఏమీ చేయవు. ఫ్రీజరులో పెట్టినా అది చావదు, నిద్రపోతుంది. నీళ్లలో ఉడికించేటప్పుడు చిప్పలు విచ్చుకున్నాక కనీసం మూడు నుంచి ఐదు నిమిషాలు తెర్లనివ్వాలి. ఆవిరి మీదైతే నాలుగు నుంచి తొమ్మిది నిమిషాలు. గిన్నె నిండా కుక్కితే అడుగువి ఉడికి పైవి పచ్చిగా మిగులుతాయి కాబట్టి రెండు విడతలుగా వేయాలి. ఎంతకీ విచ్చుకోనివి పారేయాలి. పచ్చి గుల్లలు కడిగిన నీళ్లు, వాటిని పెట్టిన చాట, కత్తి వండిన కూర దగ్గరికి రాకూడదు.

అన్నిటికంటే కష్టమైనది ఏరడం ఆపాల్సిన రోజులను ఒప్పుకోవడం. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్, 2018 అక్టోబరులో విరుచుకుపడ్డ తిత్లీ లాంటి తుపానుల తర్వాత గుంతలు, కాలువలు, నదులు ఒకటైపోతాయి. వరద తీయగానే పని లేని, తిండి లేని ఇల్లు మొదట పరుగెత్తేది గుల్లల మేటకే. గుల్లలు అత్యంత ప్రమాదకరంగా ఉండేదీ అప్పుడే. అమెరికా నిబంధనల ప్రకారం శుద్ధి చేయని మురుగు కలిసిన ప్రాంతాన్ని 21 రోజులు మూసి ఉంచుతారు, లేదా వైరస్‌కు సూచికగా వాడే ఒక రకం ఫేజ్‌ల (బాక్టీరియాకు సోకే వైరస్‌ల) పరీక్షలో నెగ్గాకే తెరుస్తారు.

మూసివేత ఈ తీరానికి కొత్త కాదు. ఋషికుల్య మొగ దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కోసం ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు వేట మీద నిషేధం ఉంటుంది. తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట ఆగుతుంది. వాటికి సాయం ఎంత, ఎవరికి అని ఏళ్ల తరబడి అడిగి అడిగి ఒక జాబితా తయారైంది. గుల్లల మేటను మూడు వారాలు మూయాల్సి వచ్చినప్పుడు, పడవ లేని, వల లేని, కాలి వేళ్లతో బురద తడిమి బతికే మహిళ పేరు కూడా ఆ జాబితాలో ఉండాలి. ఆ 21 రోజులకు సరిపడా బియ్యం, పప్పు, గుడ్లు మొదటి రోజునే ఆమె గడపకు చేరాలి.